నాకు వెయ్యొద్దు

మా అమ్మను అందరూ అమ్మిణి అనే పిలిచేవాళ్ళు. పంకజాక్షి అన్న అసలు పేరు రేషను కార్డులో ఉండేది, ఓటర్ల జాబితాలో ఉండేది, అంతే. ఆ పేరు కోసం ఒక మనిషి పనిగట్టుకుని మా రేవులో పడవ కట్టి దిగుతాడని మేం కల్లో కూడా అనుకోలేదు.

ఆ ఏడు మార్చిలోనే ఉప్పునీటిని ఆపే గేట్లు ఎత్తేశారు. సముద్రపు నీళ్ళు సరస్సులోకి, సరస్సులోంచి మా కాలవల్లోకి ఎక్కేశాయి. ఇంటి చుట్టూ నీళ్ళే, నోట్లో పోసుకోవడానికి మాత్రం చుక్క లేదు. సర్కారు నీళ్ళ పడవ ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడు పెద్ద రేవు దగ్గర ఆగేది. బిందెలు దోనెలో వేసుకుని వెళ్ళి, లంకల్లోని ఆడవాళ్ళందరం అక్కడ పడిగాపులు పడేవాళ్ళం.

ఆ రోజు అమ్మా నేనూ వాకిట్లో గుల్లలు ఉడకేసి, జల్లెడ పట్టి, మాంసం వేరు చేస్తున్నాం. అమ్మమ్మ అరుగు మీద వక్క దంచుకుంటోంది. మోటారు పడవ చప్పుడు మా రేవు దగ్గర ఆగింది. కుంజుమోన్ దిగాడు.

అతనికి రెండు పడవలున్నాయి. పార్టీ పనులు చూస్తాడు. అంతకన్నా ముందు చెప్పాల్సిన సంగతి ఇంకోటుంది. రెండేళ్ళ కిందట గట్టు తెగి లంక మునిగినప్పుడు, చూరు దాకా వచ్చిన నీళ్ళలోంచి అమ్మమ్మను భుజాన వేసుకుని ఈదుకుంటూ వెళ్ళి పడవలో చేర్చింది అతనే. అప్పుడతనిది ఏ పార్టీ అని మేం అడగలేదు. మేం ఎవరికి ఓటేశామని అతనూ అడగలేదు.

"చేచీ, నీతో చిన్న మాట" అన్నాడు మెట్టు మీద కూలబడుతూ. అమ్మకంటే అతను చిన్న. అక్కా అని పిలవడం అతనికి అలవాటు. "ఎలక్షన్లో నువ్వు నిలబడాలి."

అమ్మ పకపకా నవ్వింది. "ఎండదెబ్బ గానీ తగిలిందేంట్రా నీకు?"

"నిజంగానే. ఇండిపెండెంటుగా. నువ్వు చెయ్యాల్సిందేమీ లేదు. ఓ రోజు టౌనుకొచ్చి సంతకం పెట్టడమే. మిగతావన్నీ మేం చూసుకుంటాం. ప్రచారం కూడా అక్కర్లేదు, ఇంట్లో కూర్చో చాలు."

"ప్రచారమే అక్కర్లేకపోతే నిలబడటం దేనికి?"

కుంజుమోన్ తలొంచుకుని చెప్పుకంటిన బురద గీరుకున్నాడు. జవాబు అమ్మమ్మ చెప్పింది.

"అక్కడ పంకజాక్షి టీచరు నిలబడుతోందటే. ఇక్కడ నువ్వూ పంకజాక్షివే. జనం తికమకపడి ఆవిడకెయ్యాల్సింది నీకేస్తారని వీళ్ళ ఎత్తు. నీకు గానీ అర్థం కాలేదా, లేకపోతే కానట్టు కూర్చున్నావా?"

పంకజాక్షి టీచరు మా లంక బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నేనూ ఆవిడ దగ్గరే చదువుకున్నాను. ఏ పార్టీ జెండా పట్టనని, లంకలకు మంచినీళ్ళ గొట్టం వేయించడమొక్కటే తన పని అని చెప్పి సొంతంగా బరిలోకి దిగింది. ఆవిడ దిగినప్పటి నుంచీ రెండు పార్టీలకూ గుండెల్లో రాయి పడింది.

"అందరూ చేసేదే ఇది చేచీ" అన్నాడు కుంజుమోన్. "మేం చెయ్యకపోతే అవతలివాళ్ళు చేస్తారు. వాళ్ళు ఇంకో పంకజాక్షిని వెతుక్కొస్తారు." కాలవ వైపు చూస్తూ, మెల్లిగా, "నేను నిన్ను ఇప్పటిదాకా ఏమైనా అడిగానా?" అన్నాడు.

అమ్మ అమ్మమ్మ వైపు చూసింది. తర్వాత నా వైపు. నేను జల్లెడలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఒక్క సంతకమేగా" అంది అమ్మ.

పడవ చప్పుడు దూరమయ్యాక అమ్మమ్మ వక్క నోట్లో వేసుకుంది. "నన్ను మోసుకొచ్చింది ఓటు కోసమని తెలిస్తే నేను ఆ నీళ్ళలోనే ఉండిపోయేదాన్ని."

"అప్పుడు ఓటు కోసం కాదమ్మా."

"అప్పుడు కాదులే. ఇప్పుడైంది."

నామినేషన్ రోజున అమ్మ, పెళ్ళిళ్ళకు కట్టే జరీ అంచు తెల్లచీర కట్టుకుంది. కుంజుమోన్ పడవలోనే వెళ్ళాం. టౌన్లో ఆఫీసు వరండా నిండా జనం. లోపలి నుంచి బంట్రోతు వచ్చి, "శ్రీమతి కె. పంకజాక్షి!" అని కేకేశాడు. అమ్మ కదల్లేదు. ఎవరినో పిలుస్తున్నారనుకుని ఆవిడ కూడా అందరితోపాటు అటూ ఇటూ చూసింది. నేను మోచేత్తో పొడిస్తే అప్పుడు లేచింది.

సంతకాలయ్యాక ప్రమాణం చెయ్యమన్నారు. ఆఫీసరు మర్యాదస్తుడు. "దైవసాక్షిగా చేస్తారా అమ్మా, ఆత్మసాక్షిగా చేస్తారా?" అని అడిగాడు.

అమ్మ చాలాసేపు ఆలోచించింది. "రెంటిలో ఏది తేలిక సార్?"

గదిలో అందరూ నవ్వారు. ఆఫీసరూ నవ్వాడు. "రెండూ ఒకటేనమ్మా" అన్నాడు. అమ్మ నవ్వలేదు. దేవుడి పేరు ఎత్తకుండా, ఆత్మసాక్షిగా అంటూ, నేను ఒక్కో మాటా అందిస్తుంటే గొణిగినట్టు చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు పడవ ముందు భాగంలో కూర్చుని రసీదు నా చేతికిచ్చింది. "ఏదీ, నా పేరు ఎక్కడుంది?" అంది. చూపించాను. వేలితో ఆ అక్షరాల కింద గీత గీసినట్టు తడిమింది. "బాగుంది కదే అచ్చులో" అని, వెంటనే ఎవరైనా విన్నారేమోనని కుంజుమోన్ వైపు చూసి కాయితం మడిచేసింది.

పేర్లు వెనక్కి తీసుకునే గడువు దాటిపోయింది. గుర్తులిచ్చారు. టీచరుకు బకెట్ వచ్చింది. నీళ్ళ కోసం నిలబడిన మనిషికి అంతకన్నా నప్పే గుర్తుండదని లంకలన్నీ సంబరపడ్డాయి. అమ్మకు బుట్ట వచ్చింది. దానికీ పైన పిడి ఉంది. ఓటు యంత్రం మీద వేలెడంత నల్లబొమ్మలో చూస్తే, కళ్ళు మందగించిన వాళ్ళకు రెండూ ఒకటే. పేర్లు కూడా ఒకదాని కింద ఒకటి, అమ్మది పైన. యంత్రం మీద ఫోటోలు వేసే పద్ధతి అప్పటికింకా లేదు.

ఆ వారమే ఓ రోజు నీళ్ళ పడవ మధ్యాహ్నమైనా రాలేదు. పెద్ద రేవులో బిందెలు వరసగా పెట్టి, కొంగులు నెత్తినేసుకుని కూర్చున్నాం. మా పక్క లంక కార్త్యాయని నోరు ఊరుకోదు.

"ఏం ఎమ్మెల్యే గారూ, మీరూ లైన్లో ఉన్నారేంటి? మీకు ఇంటికే పంపరా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ బిందె మూతి రుద్దుతూ కూర్చుంది.

"బిందెలూ, దోనెలూ దొంగిలించేవాళ్ళను చూశాంగానీ, టీచర్ పేరు దొంగిలించేవాళ్ళను ఇదే చూడటం" అంది కార్త్యాయని మళ్ళీ. అమ్మకు ఆ పేరు పుట్టినప్పటి నుంచీ ఉందని చెబుదామని నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

అప్పుడే మైకు కట్టిన దోనె ఒకటి వచ్చి రేవులో ఆగింది. పంకజాక్షి టీచరు గొడుగు మడుచుకుంటూ దిగింది. అరవై దాటినా నిటారుగా నడిచే మనిషి. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. కార్త్యాయని వేలు చూపించింది. "అదిగో టీచర్, మీ పేరుదొంగ. అక్కడ దాక్కుంది చూడండి."

టీచరు నేరుగా మా దగ్గరికి వచ్చింది. అమ్మ లేచి నిలబడింది. బళ్ళో తప్పు చేసిన పిల్లలా చేతులు ముందుకు కట్టుకుంది.

"నువ్వు ప్రసీద వాళ్ళమ్మవి కదూ" అంది టీచరు నా వైపు చూపిస్తూ. "ప్రసీద నాలుగో తరగతిలో ఉన్నప్పుడు గుల్లల వేపుడు ఆకులో చుట్టి నాకు పంపేదానివి. నీ పేరు కూడా నా పేరేనని ఇన్నేళ్ళూ తెలియనేలేదు చూడు. మా రిజిస్టర్లో తండ్రి పేరుకే గడి ఉండేది, తల్లి పేరుకు ఉండేది కాదు."

అమ్మ తల దించుకుంది.

"సరే, నిలబడ్డావు. నిలబడే హక్కు నాకెంతో నీకూ అంతే. ఏం కావాలని నిలబడ్డావో చెప్పు. నేను అనుకోనిది ఏదైనా ఉంటే నా మాటల్లో కూడా కలుపుకుంటాను."

ఎగతాళేమోనని నేను ఆవిడ మొహంలోకి చూశాను. కాదు. పిల్లల్ని ప్రశ్న అడిగి జవాబు వచ్చేదాకా ఆగే అలవాటు ఆవిడది. అలాగే ఆగింది. కార్త్యాయని కూడా నోరు మూసుకుంది. అమ్మ పెదాలు కదిలాయి.

"నీళ్ళు" అంది. వినపడీ వినపడనట్టు.

"అయితే మనిద్దరిదీ ఒకటే మాట" అంది టీచరు. అమ్మ భుజం మీద ఓసారి చెయ్యి వేసి, గొడుగు తెరుచుకుని ముందుకెళ్ళిపోయింది.

ఆ రోజు నీళ్ళ పడవ రానేలేదు. ఖాళీ బిందెలతో తిరిగొచ్చాం. దారంతా అమ్మ గడ వేస్తూనే ఉంది. ఇంటికి చేరాక దోనె కట్టకుండానే మళ్ళీ అందులో కూర్చుంది. "పద, కుంజుమోన్ ఇంటికి పోదాం."

కుంజుమోన్ వాకిట్లో పడవ చెక్క పుచ్చకుండా జీడినూనె పూస్తున్నాడు. "నా పేరు తీయించెయ్యి" అంది అమ్మ.

"గడువు దాటిపోయింది చేచీ. ఇంక ఎవరివల్లా కాదు. పోలింగు అయ్యేదాకా ఆ పేరు అక్కడే ఉంటుంది."

"అయితే నేను అందరికీ చెప్పుకుంటాను. నాకు వెయ్యొద్దని."

కుంజుమోన్ చేతులు తుడుచుకున్నాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకోలేదు. "చెప్పుకో చేచీ. నేను ఆపితే పాపం" అన్నాడు.

మర్నాటి నుంచి పోలింగు దాకా మేం గుల్లల జోలికి పోలేదు. తెల్లారగానే అమ్మా నేనూ దోనె వేసుకుని బయల్దేరేవాళ్ళం. ఒక్కో లంక, ఒక్కో గుమ్మం. అమ్మ మెట్టు దగ్గరే నిలబడి చేతులు జోడించేది. "పైన బుట్ట గుర్తు ఉంటుంది. అది నాది. దానికి వెయ్యొద్దు. దాని కింద బకెట్ ఉంటుంది. అది టీచర్ది. మీకు దణ్ణం పెడతాను, బకెట్ మీదే నొక్కండి."

మొదట్లో ఆవిడ ఆ మాటలు పక్కనున్న నాకే వినపడనంత మెల్లిగా అనేది. కొందరు తలుపు మొహాన వేశారు. ఒకామె పేడనీళ్ళు మా కాళ్ళ ముందు చల్లింది. రోజులు గడిచేకొద్దీ సంగతి మారింది. ఈవిడెవరో ఓటు వద్దని అడుగుతోందట అన్న కబురు మాకన్నా ముందు వెళ్ళేది. మమ్మల్ని చూడటానికే రేవుల్లోకి వచ్చేవాళ్ళు. కూర్చోమనేవాళ్ళు. పాలు లేని టీ ఇచ్చేవాళ్ళు, ఉడికించిన కర్రపెండలం పెట్టేవాళ్ళు.

ఒక లంకలో గోవిందన్ అనే కల్లుగీసే ముసలాయన ఉన్నాడు. గీత మానేసి మంచంలో ఉంటున్నాడు. అమ్మ చెప్పిందంతా విని, "ఓటెయ్యొద్దని అడిగే కేండిడేటును నా జన్మలో చూళ్ళేదు" అన్నాడు. "ఎందుకు నిలబడ్డావు మరి?"

"మా అమ్మను నీళ్ళలోంచి మోసుకొచ్చిన మనిషి అడిగితే కాదనలేకపోయాను. తప్పు చేశాను."

ముసలాయన మంచంలో ఒత్తిగిల్లి అమ్మ మొహంలోకి చూశాడు. "మా రేవు మెట్లు విరిగిపోయాయి. ఆడపిల్లలు జారిపడుతున్నారు. ఎవరికి చెప్పినా దిక్కు లేదు" అన్నాడు.

"టీచర్‌కు చెబుతాను" అంది అమ్మ.

అలా ప్రతి చోటా ఏదో ఒకటి చెప్పేవాళ్ళు. అమ్మ ఓపిగ్గా వినేది. కార్త్యాయని ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం అమ్మకు ఏడుపొచ్చింది. కార్త్యాయని కంగారుపడి లోపలికి తీసుకెళ్ళి మొహం కడిగించింది. ఉప్పునీళ్ళతోనే. "ఊరుకో అమ్మిణీ. నోటి దురదకు ఏదో అన్నాను, ఊరుకో" అంటూ వీపు నిమిరింది.

ఆ తిరుగుడు మొదలయ్యాక అమ్మకు మళ్ళీ నిద్ర పట్టింది. గొంతు పెద్దదైంది. దోనె నడుపుతూ పాట కూడా పాడింది ఒకసారి. నాకూ తేలిగ్గా అనిపించింది. జల్లెడలోకి చూసిన నా చూపు సంగతి నేను మర్చిపోగలిగాను.

పోలింగుకు ఇంకా కొద్ది రోజులుందనగా, ఎండ మాడిపోతున్న వేళ, మేం పెద్ద కాలవలో ఎదురుగాలికి గడ వేయలేక అవస్థ పడుతున్నాం. వెనక నుంచి మోటారు పడవ వచ్చింది. కుంజుమోన్.

"ఎటు చేచీ?"

"అవతలి లంకలకు. అక్కడ ఇంకా చెప్పలేదు."

"ఎండలో ఎందుకు తోస్తారు? తాడు ఇటు విసురు" అన్నాడు.

అమ్మ తెల్లబోయింది. "నేను నీకు ఎదురు పని చేస్తున్నాన్రా."

"తెలుసులే. తాడియ్యి."

దోనెను తన పడవకు కట్టుకుని అవతలి లంకల దాకా లాక్కెళ్ళి వదిలాడు. దిగేటప్పుడు, "ఒక్క ఇల్లు కూడా వదలొద్దు" అన్నాడు నవ్వుతూ. అమ్మ ఆ రోజు సాయంత్రం అమ్మమ్మతో అంది, "చూశావా, వాడి మనసు మంచిదే." అమ్మమ్మ వక్క దంచడం ఆపి ఏదో అనబోయింది. కానీ మానుకుని మళ్ళీ దంచడం మొదలెట్టింది.

ఓట్లు లెక్కపెట్టిన రోజు పెద్ద రేవు టీ కొట్టు దగ్గర లంకల జనమంతా చేరారు. లోపల టీవీ. మేం బయట చింకిచాప మీద కూర్చున్నాం. పొద్దున్న టీచరు ముందుంది. పదకొండింటికి కూడా ఆవిడే. మధ్యాహ్నం కుంజుమోన్ వాళ్ళ పార్టీ మనిషి, టౌనులోని వకీలు, ఓట్లలో దగ్గరికొచ్చేశాడు. ఆ తర్వాత కొట్టులోంచి ఒక్కసారిగా గోల లేచింది, కాసేపటికి గోల ఆగిపోయింది. టీ కొట్టు వాసవన్ తలుపు దగ్గరికొచ్చి, మాకేసి చూడకుండా, "నూట డెబ్బైతో పోయింది" అన్నాడు.

"ఎవరు?" అంది అమ్మ.

"టీచరు."

"నాకెన్ని?"

వాసవన్ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. ఎనిమిది వందల పైచిలుకని లోపలి నుంచి ఎవరో అరిచారు.

తికమకపడి నొక్కినవాళ్ళు కొందరు ఉంటారని అమ్మకు ముందే తెలుసు. దానికి మనసు రాయి చేసుకుంది. అమ్మను పడగొట్టిన మాట మర్నాడు వచ్చింది. ఏ బూత్‌లో ఎన్నెన్ని పడ్డాయో వాసవన్ పేపర్లో చూసి చదివాడు. మేం వెళ్ళని టౌను వైపు బూత్‌లలో అమ్మకు నాలుగో అయిదో, మహా అయితే పదో. మేం దోనె వేసుకుని గుమ్మం గుమ్మం తిరిగిన లంకల్లోనే వందలు.

కార్త్యాయని పరిగెత్తుకుంటూ వచ్చింది. సంతోషంగానే వచ్చింది. "మా ఇంట్లో మూడూ నీకే అమ్మిణీ! టీచర్ ఎలాగూ గెలుస్తుందనుకున్నాం. ఒక్కదానివి, ఎండలో పడి మా గుమ్మానికొచ్చి ఏడ్చావు. నీకు ఒక్క ఓటూ పడకపోతే నలుగుర్లో ఎంత చిన్నతనం! అందుకే..."

అమ్మ ఆవిడ వైపు చూస్తూ ఉండిపోయింది.

"గోవిందన్ తాతను మంచంతో సహా మోసుకెళ్ళారట" అంది కార్త్యాయని. "బుట్ట ఎక్కడుంది, బుట్ట ఎక్కడుంది అని అరిచాడట లోపల."

ఆ రాత్రి ఎవరమూ గంజి తాగలేదు. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. "పడవ తాడు ఎందుకు కట్టాడో ఇప్పుడు అర్థమైంది" అంది చివరికి. "వాడికి ముందే తెలుసు. నాకే తెలియలేదు."

అమ్మమ్మ చీకట్లో దగ్గింది. "అమ్మిణీ, నన్ను తిట్టు."

"నిన్నెందుకు?"

"నేనూ నీకే వేశాను. నా కూతురి పేరు అచ్చులో ఉంటే పక్కదాని మీద వేలెలా వెయ్యనే? నావల్ల కాలేదు."

అమ్మ తిట్టలేదు. లేచి వెళ్ళి అమ్మమ్మ పక్కన పడుకుంది. చిన్నపిల్లలా ముడుచుకుని.

కుంజుమోన్ పది రోజులకు వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు, నల్లగొట్టం చుట్టలు. అవతలి గట్టున పోయే పెద్ద గొట్టం నుంచి కాలవ అడుగున ఓ పాయ లాగి మా రేవులో కుళాయి పెట్టమని కొత్త ఎమ్మెల్యే చెప్పాడట.

"వద్దు" అంది అమ్మ. "తీసుకుపో."

"చేచీ, నేను నీకు అబద్ధం చెప్పలేదు. నువ్వు తిరుగుతానంటే ఆపలేదు, అంతే. ఆపితే మంచివాణ్ణి అయ్యేవాణ్ణా?"

"నాకు తెలియదు. కుళాయి వద్దు."

ఈలోగా చుట్టుపక్కల ఆడవాళ్ళు గొట్టం చూసి బిందెలతో వచ్చేశారు. కార్త్యాయని అందరికన్నా ముందుంది. ఆవిడ కోడలు నెలలు నిండిన మనిషి, ఆమె కూడా బిందె చంకనేసుకుని నిలబడింది. దూరంగా ఉన్న లంకలకు ఈ నీళ్ళు పోవు. ఈ నాలుగు గడపలకైతే చాలు. అమ్మ ఆ బిందెల వైపు చూసింది. కుంజుమోన్ వైపు చూడలేదు. లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళు కుళాయి పాతారు.

అందరూ పట్టుకున్నారు. అమ్మమ్మ తాగింది. నేనూ తాగాను. అమ్మ మాత్రం రెండు బిందెలు దోనెలో వేసుకుని, ఎప్పటిలాగే పెద్ద రేవుకు వెళ్ళి నీళ్ళ పడవ కోసం లైన్లో నిలబడేది. "ఇంటి ముందు కుళాయి పెట్టుకుని ఇక్కడికెందుకే?" అని ఎవరైనా అంటే, "అది నాది కాదు" అనేది. ఆ పడవ నీళ్ళతోనే ఆవిడ గంజి, ఆవిడ టీ. వేరే కుండలో.

మే నెల చివర్లో, వానలు ఇంకా పడకముందు, దోనె ఒకటి మా రేవులో ఆగింది. పంకజాక్షి టీచరు ఒక్కతే దిగింది. అమ్మ గుల్లల కుండ వదిలేసి లేచి నిలబడింది. చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"కొత్త ఎమ్మెల్యేను కలిసి వస్తున్నాను" అంది టీచరు అరుగు మీద కూర్చుంటూ. "మిగతా లంకలకు కూడా గొట్టం వెయ్యమని అడిగాను."

"ఏమన్నాడు?" అంది అమ్మమ్మ.

"చూద్దామన్నాడు."

గుల్లలు కుతకుతా ఉడుకుతున్నాయి.

"టీచర్" అంది అమ్మ. "నేను తిరక్కుండా ఇంట్లో కూర్చునుంటే మీరు గెలిచేవాళ్ళు."

అలాంటిదేమీ లేదమ్మా అంటుందని నేను ఎదురుచూశాను. అమ్మా అందుకే ఎదురుచూసిందేమో. టీచరు గొడుగు పక్కన పెట్టింది.

"అవును" అంది. "గెలిచేదాన్ని. అసలు సంతకమే పెట్టకుండా ఉంటే ఇంకా బాగా గెలిచేదాన్ని." ఆ మాటలో కోపం లేదు, దయా లేదు. లెక్క సరిచూసి చెప్పినట్టు చెప్పింది. "నేనూ ముప్పై ఏళ్ళు ఇక్కడ పనిచేశానా? నువ్వు ఎక్కిన గుమ్మాల్లో సగం నేను ఎక్కలేదు. గోవిందన్ మెట్ల సంగతి నువ్వు కబురు చేస్తేగానీ నాకు తెలియలేదు" అంది.

టీచరు కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎండగా ఉంది. నీళ్ళివ్వు."

అమ్మ గబగబా లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. టీచరు ఒక గుక్క తాగి ఆపింది. "ఇవి పడవ నీళ్ళు కదూ? రబ్బరు వాసన వస్తోంది. కుళాయివి పట్టుకురా."

అమ్మ కదల్లేదు. నేను లేవబోయాను. టీచరు కళ్ళతోనే ఆపింది. అమ్మ గ్లాసు తీసుకుని రేవు మెట్లు దిగింది. కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది. నిండా పట్టుకొచ్చి ఇచ్చింది. టీచరు సగం తాగి, మిగతా సగం గ్లాసు అమ్మ చేతికి అందించింది.

"నాకొద్దు టీచర్."

"తాగు."

"నావల్ల కాదు."

"నువ్వు తాగకపోతే ఎవరికి లాభం? అవతలి లంకల వాళ్ళకు చేరతాయా? తాగు." మా చిన్నప్పటి బళ్ళో గొంతు అది.

అమ్మ కళ్ళు మూసుకుని, కషాయం మింగినట్టు తాగేసింది. టీచరు గొడుగు తెరిచి, దోనె ఎక్కి వెళ్ళిపోయింది. మర్నాడు తెల్లారేసరికి అమ్మ మళ్ళీ రెండు బిందెలు దోనెలో పెట్టుకుని పెద్ద రేవుకు గడ వేస్తూ కనిపించింది. వానలు వచ్చాయి, పోయాయి. మళ్ళీ ఉప్పునీళ్ళొచ్చాయి. ఎన్నో వేసవులు గడిచాయి. ఆ కుళాయి నీళ్ళు అమ్మ తాగగా నేను చూసింది ఆ సగం గ్లాసే.